కీచుమంటున్న బ్రేకులు: సిరామిక్ ప్యాడ్లా, సెమీ మెటాలిక్ ప్యాడ్లా?

బ్రేక్ అరవగానే ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను నొక్కి కారును ఆపే పలకలు) మార్చేయాలని లేదు. వానకు తడిసిన కారు పొద్దున్నే రెండు మూడుసార్లు గరగరలాడి ఊరుకుంటే అది డిస్క్ మీద పట్టిన తుప్పే, వదిలేయండి. రోజంతా సన్నగా కూస్తుంటే మాత్రం ప్యాడ్ అరిగి, దానికుండే చిన్న ఇనుప రేకు డిస్క్‌కు తగులుతోందేమో చూడాలి, ఆ రేకు పెట్టేదే అందుకు. ఇనుము ఇనుముతో రాసుకుంటున్న మోత వస్తే ఇక కారు తీయొద్దు.

సరే, మార్చక తప్పదనుకుందాం. పింగాణీ లాంటి పదార్థంతో చేసినవి సిరామిక్ ప్యాడ్లు, లోహం కలిపి చేసినవి సెమీ మెటాలిక్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఖర్చు: సిరామిక్‌కే ఎక్కువ.
చప్పుడు: సిరామిక్ దాదాపు మౌనవ్రతం. సెమీ మెటాలిక్ కాస్త వాగుడుకాయ.
పొడి: చక్రాలు నల్లబడేది సెమీ మెటాలిక్‌తోనే.
వేడి: ఇక్కడ సెమీ మెటాలిక్‌దే పైచేయి. అందులోని లోహం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి నిండా బరువుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా కాలి కిందే తెలుస్తుంది.
డిస్క్: సిరామిక్ మెత్తగా చూసుకుంటుంది.

ఏది వేసినా బిగింపు సరిగ్గా లేకపోతే మళ్లీ అదే కూత (చాలామంది ఇక్కడే ప్యాడ్‌ను తిట్టుకుంటారు). ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పులు కొత్తవి వేయించండి. బ్రేక్ గ్రీజు ప్యాడ్ వెనకవైపే, అదీ పలచగా. డిస్క్‌కు ఆనే వైపు పడిందా, ఆ ప్యాడ్ పని అయిపోయినట్టే.

ఎక్కువగా సిటీ ట్రాఫిక్, మామూలు కారు, చప్పుడంటే చిరాకు అనుకునేవాళ్లకు సిరామిక్. కొండ దారులు, బరువులు, ట్రెయిలర్ లాగడం ఉంటే సెమీ మెటాలిక్ తీసుకుని ఆ కాస్త కూత భరించండి.