మంచి వార్తల సైట్లు, యాప్‌లు వాడి చూశాను: ఏవి నమ్మొచ్చు, ఏవి తీసెయ్యొచ్చు

పాజిటివ్ న్యూస్ అని ఫోన్లో వెతికితే వచ్చేదాంట్లో చాలా వరకు వార్తలే ఉండవు. కుక్కపిల్లని కాలవలోంచి తీసిన వీడియో, ఆటోలో మర్చిపోయిన బ్యాగు తిరిగిచ్చిన డ్రైవరు, సూర్యోదయం బొమ్మ మీద ఒక మంచిమాట. చూస్తే హాయిగానే ఉంటుంది, కానీ ఏ ఊళ్ళో జరిగింది, ఎప్పుడు జరిగింది, అసలు జరిగిందా అంటే చెప్పేవాళ్ళుండరు. అందుకని కొన్నాళ్ళుగా వరసపెట్టి సైట్లూ యాప్‌లూ ఈమెయిల్ లేఖలూ వాడి చూస్తున్నాను. మన బెజవాడలో, గుంటూరులో ఫోన్ తెరిస్తే తిట్లూ భయాలూ తప్ప ఏమీ కనపడట్లేదని విసిగిపోయినవాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఇది.

నేను చూసేది నాలుగే విషయాలు. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎంత మారింది, ఇంకా ఏం మిగిలింది. చివరిది లేకపోతే అది ప్రకటనే, వార్త కాదు.

దీని మీద నాకింత పట్టుదల రావడానికి కారణం 2024 సెప్టెంబరు వరదలు. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మా అత్తయ్య వాళ్ళు సింగ్ నగర్లో మేడ మీద ఉండిపోయారు. కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగ్ అయిపోవస్తోంది, ఆ మిగిలిన కాస్తా "బ్యారేజీ కొట్టుకుపోతోంది", "ఇంకో గండి పడింది, రాత్రికి పై అంతస్తు కూడా మునుగుతుంది" అనే ఫార్వర్డులు చదవడానికే సరిపోయింది. పెద్దావిడ ఆ టెన్షన్‌కి రాత్రంతా కూర్చునే ఉంది. జరిగిందేమిటంటే వరదలో కొట్టుకొచ్చిన పడవలు తగిలి 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. కౌంటర్ వెయిట్ అంటే గేటు ఎత్తడం, దించడం తేలికవ్వడానికి పెట్టే బరువు. అది పాడైతే గేటు నడపడం కష్టమవుతుంది, అంతేగాని బ్యారేజీ కొట్టుకుపోవడం అనేది వేరే సంగతి.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, దగ్గరుండి, కొద్దిరోజుల్లోనే కొత్త కౌంటర్ వెయిట్లు పెట్టించారు. ఈసారి ఉక్కుతో చేయించి లోపల కాంక్రీటు నింపించారు. అంతకు కొన్ని వారాల ముందే, ఆగస్టులో, తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, నీళ్ళు ఉరుకుతుండగానే స్టాప్ లాగ్ దింపించింది కూడా ఆయనే. స్టాప్ లాగ్ అంటే ఉక్కు పలకల్లాంటివి, ఒకదాని మీద ఒకటి దించుకుంటూ పోయి ఖాళీని మూసేస్తారు. డ్యాం ఖాళీ అయిపోకుండా ఆగింది, రాయలసీమ ఆయకట్టు రైతుకి నీళ్ళు మిగిలాయి. ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే నా ఫోన్లో మాత్రం ఆ పడవలు ఏ పార్టీ వాళ్ళవి అన్న గొడవే నడిచింది. కృష్ణలంక దగ్గర రిటైనింగ్ వాల్ అంత ప్రవాహానికి తట్టుకుని నిలబడి వేలమంది ఇళ్ళు కాపాడింది కదా, దాని మీదా అదే, ఎవరు కట్టారు, ఎవరి గొప్ప. ఆ గోడ ఎలా నిలబడిందో చెప్పిన పోస్టు ఒక్కటీ నా కంట పడలేదు. మనకి మంచి జరగలేదని కాదు, జరిగినా మన దాకా రాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇది ఒక్క మన ఊరి జబ్బు కాదు. అప్‌వర్తీ అని అమెరికాలో మంచి కథలు చెప్పడానికే పుట్టిన సైటు ఒకటుంది. వాళ్ళు ఒకే కథకి రకరకాల శీర్షికలు పెట్టి ఏది ఎక్కువమంది నొక్కుతారో పరీక్షించేవాళ్ళు. అలాంటి లక్షకు పైగా శీర్షికలు తీసుకుని చేసిన పరిశోధన 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. మామూలు పొడవున్న శీర్షికలో ఒక్క నెగటివ్ మాట పెరిగితే క్లిక్కులు 2.3 శాతం పెరిగాయని తేలింది. మంచి కథల కోసం వచ్చిన పాఠకులే ఇలా ఉంటే, ఇక మామూలు ఫీడు సంగతి చెప్పాలా. మనం నొక్కిందే మనకి మళ్ళీ వడ్డిస్తారు. కాబట్టి ఫీడులో మంచి వార్త దానంతటది వస్తుందని కూర్చుంటే రాదు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి.

సరే, వాడినవాటి సంగతి. నాకు బాగా నచ్చింది బ్రిటన్‌ది, దాని పేరే పాజిటివ్ న్యూస్. 1993లో మొదలైంది, 2015లో పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి సహకార సంఘంగా మారింది, అంటే చదివేవాళ్ళే యజమానులు. వారానికోసారి ఆ వారంలో ఏవి బాగా జరిగాయో ఒకచోట వేస్తారు, ఈమెయిల్‌కి ఉచితంగా వస్తుంది. ఒక్కో వార్త నాలుగైదు వాక్యాలే. ఎవరు చెప్పారో లింకు ఉంటుంది, చాలాసార్లు ఇందులో ఇంకా తేలాల్సింది ఏమిటో కూడా ఒక ముక్క ఉంటుంది. నేను శనివారం పొద్దున కాఫీ తాగుతూ చదువుతాను, కప్పు అయ్యేలోపు అయిపోతుంది, ఆ తర్వాత గీకుతూ కూర్చోవాల్సిన పనుండదు. లోటు ఏమిటంటే యూరప్, బ్రిటన్ వార్తలే ఎక్కువ, పైగా ఇంగ్లీషు.

అవర్ వరల్డ్ ఇన్ డేటా వార్తల సైటు కాదు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ గణాంకాల సైటు, కానీ దిగులుగా ఉన్నప్పుడు నేను తెరిచేది ఇదే. ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లలు 1990లో కోటీ పాతిక లక్షలమందికి పైగా చనిపోయారు, 2022కి ఆ సంఖ్య 49 లక్షలకి దిగింది. ఆ గీత కిందికి దిగుతుంటే చూడటం నాకు ఎంత ధైర్యమో చెప్పలేను. 49 లక్షలంటే ఇంకా ఎంత ఘోరమో కూడా వాళ్ళే చెప్తారు, దాచరు. మన దేశం గీతని విడిగా పెట్టుకుని చూడొచ్చు, ప్రకటనలు లేవు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

మన దేశం వార్తలే కావాలంటే ది బెటర్ ఇండియా. 2008లో బెంగళూరులో భార్యాభర్తలు మొదలుపెట్టారు. ఒక టీచరు, ఒక కలెక్టరు, ఒక రైతు, ఇలా మనిషి చుట్టూ తిరిగే కథలు, చదవడానికి తేలిక. నా లెక్కలో మనిషి గొప్పతనం బాగా తెలుస్తుంది, పని ఎంతవరకు నిలబడిందన్నది అంత తెలియదు. కాబట్టి నచ్చిన కథ కనపడితే ఏడాది తర్వాత ఆ పేరు మళ్ళీ వెతికి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఇక పాత్రికేయుడు సాయినాథ్ గారి పారి, పల్లెల్లో మనుషుల బతుకుల మీద కథనాలు వేసే సైటు. 2014 డిసెంబరు నుంచి నడుస్తోంది, తెలుగులోనూ చదవొచ్చు, అంతా ఉచితం. మంచి వార్తలు మాత్రమే ఇస్తామని వాళ్ళెక్కడా అనలేదు, కష్టాలే ఎక్కువ ఉంటాయి. అయినా ఈ జాబితాలో ఎందుకు పెట్టానంటే, మగ్గం నేసే మనిషి చేతులెలా కదులుతాయో ఓపిగ్గా రాసిన కథ చదివాక నాకు మనుషుల మీద గౌరవం పెరుగుతుంది, కోపాలు పెంచే వీడియోలు గంట చూసినా రానిది అది.

పేరు చెప్పను గానీ, ఒక యాప్ మాత్రం వెంటనే తీసేశాను. మంచి వార్తలు మాత్రమే అని పెట్టుకుని, గంటకో నోటిఫికేషను, మధ్యలో రాశిఫలాలు, లాటరీ ప్రకటనలు. అమ్మ ఫోన్లోంచి కూడా తీసేయించాను.

గుంటూరు వాళ్ళకి ఒక మాట. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ఆఫీసు మీ ఊళ్ళోనే ఉంది. వాళ్ళు మహిళా సంఘాలతో కలిసి నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. 10 లక్షల యూరోలు, ఈజిప్టు సంస్థ ఒకటీ, నేల శాస్త్రవేత్త రతన్ లాల్ గారూ, మనవాళ్ళూ పంచుకున్నారు. నాకిది ఇంగ్లీషు సైట్లో తెలిసింది. ఖర్చు తగ్గిందనే రైతులూ ఉన్నారు, కూలీలు ఎక్కువ కావాలి, పంటకి తగ్గ ధర రావట్లేదనేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు మాటలూ కలిపి తెలుగులో వివరంగా రాస్తే ఎంతమంది చదువుతారో!

ఇవన్నీ పెట్టుకున్నా పాత ఫీడు అలాగే ఉంటే లాభం లేదు. యూట్యూబులో తిట్ల వీడియో వస్తే పక్కన మూడు చుక్కలు నొక్కి ఆ ఛానెల్ సిఫార్సు చేయొద్దని పెట్టండి, కొన్నాళ్ళు ఓపిగ్గా చేస్తే తేడా తెలుస్తుంది. వాట్సాప్ ఫార్వర్డు మీద రెండు బాణాల గుర్తుంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, దాన్ని ఇంకొకరికి పంపేముందు, వచ్చింది నిజమో కాదో తేల్చి చెప్పే ఫ్యాక్ట్‌లీ అనే సైటులో, తెలుగు విభాగంలో వెతకండి. మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఇప్పుడు "ఇది చూశావా అమ్మాయ్, నిజమేనా?" అని ముందు నాకు పంపుతున్నాడు, అదే పదివేలు.

మార్కులు వేయమంటే అయిదుకి పాజిటివ్ న్యూస్‌కి నాలుగు, అవర్ వరల్డ్ ఇన్ డేటాకి అయిదు, బెటర్ ఇండియాకి మూడున్నర, పారికి అయిదు. తెలుగులో, మన జిల్లాల సంగతులతో, వారానికోసారి ఇలాంటి లేఖ ఎవరైనా పంపుతుంటే కింద చెప్పండి, నెలకి వంద రూపాయలు కట్టి మరీ చదువుతాను.