ఏడేళ్ళు విన్న రిబ్బన్ స్పీకర్లు, వాటిని నడిపిన ట్యూబులు

మా ఇంట్లో మాగ్నెపాన్ 3.7ఐ అనే రిబ్బన్ స్పీకర్లు ఏడేళ్ళుగా ఉన్నాయి. వాటిని మూడు ట్యూబు (వాక్యూమ్ వాల్వు) యాంప్లిఫయర్లతో నడిపాను. మధ్యలో ఒక ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుతోనూ కొన్నాళ్ళు విన్నాను. ఇలాంటి జోడీ కుదుర్చుకోవాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే. ఏ ట్యూబు తీయగా పలుకుతుందన్న చర్చ తరవాత పెట్టుకోవచ్చు, 4 ఓమ్‌ల (ఈ స్పీకరు కరెంటుకు చూపే నిరోధం, అంటే ఇంపెడెన్సు) దగ్గర మీ యాంప్లిఫయరు ఎన్ని వాట్లు ఇస్తుందో మొదట చూడండి.

ఈ స్పీకరు ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ఉన్న పలక. మందం రెండంగుళాలు కూడా లేదు. పెట్టె లేదు కాబట్టి శబ్దం ముందుకు ఎంత వస్తుందో వెనక్కీ అంతే పోతుంది. మంద్ర, మధ్య స్థాయులు పలుచని పొరకు అతికించిన అల్యూమినియం రేకు నుంచి వస్తాయి. తారస్థాయికి మాత్రం అంచున అయస్కాంతాల నడుమ నిలువుగా వేలాడే 55 అంగుళాల అసలు రిబ్బన్ (పలుచని లోహపు పట్టీ) ఉంది. వయొలిన్ మీద కమాను దిశ మారే క్షణం, తంబురా తీగ మీటగానే విచ్చుకునే జీవా (ఝుమ్మనే నాదం) ఇంత స్పష్టంగా నేను మరే స్పీకరులోనూ వినలేదు.

ఇక లెక్క. దీని సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత శబ్దం చేస్తుందన్న కొలత) 86 డెసిబెళ్ళని రాసి ఉంటుంది, కానీ అది 2.83 వోల్టులకు. 8 ఓమ్‌ల స్పీకరులో 2.83 వోల్టులంటే 1 వాట్. ఇది 4 ఓమ్‌లది కాబట్టి 2 వాట్లు. శక్తి సగమైతే 3 డెసిబెళ్ళు తగ్గుతాయి కాబట్టి ఒక్క వాట్‌కు దక్కేది 83 డెసిబెళ్ళే. నేను మొదట పెట్టిన 300బి అనే ట్యూబుతో చేసిన యాంప్లిఫయరు 8 వాట్లది, ఒక మిత్రుడు ఇచ్చాడు. ఎంత పెంచినా మీటరు దూరంలో 92 డెసిబెళ్ళ దగ్గర ఆగిపోతుంది. బాలమురళీకృష్ణ గారు తక్కువ శబ్దంతో రాగం ఆలపిస్తున్నంతసేపు మరొకటి అవసరమనిపించలేదు. తని ఆవర్తనం (లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే మృదంగం దెబ్బ మొద్దుబారింది. షేక్ చినమౌలానా గారి నాదస్వరం, పక్కన డోలు పెట్టేసరికి మొత్తం బొంగురుపోయింది. అది ట్యూబు లోపం కాదు, శక్తి చాలకపోవడం.

రెండోది ఇఎల్34 ట్యూబులు జంటగా పనిచేసే (పుష్‌పుల్) 40 వాట్ల యాంప్లిఫయరు. చిన్న గదిలో, ఓ మోస్తరు శబ్దంతో వినేవారికి ఇది సరిపోతుంది. మా హాలు పెద్దది. చివరికి ఒక్కో వైపు నాలుగేసి కేటీ88 ట్యూబులు, 140 వాట్లు ఇచ్చే మోనో యాంప్లిఫయర్ల జతకు చేరాను. ఐదేళ్ళుగా అవే.

వాటితోనూ మొదటి రెండు నెలలు నిరాశగానే గడిచాయి. మంద్రస్థాయి వదులుగా, ఆగాల్సిన చోట ఆగకుండా కొనసాగుతూ ఉండేది. కారణం ఎక్కడో వెతికాను, తీగలు మార్చాను, స్పీకర్లు జరిపాను. ఒకరోజు వెనకవైపు చూస్తే స్పీకరు తీగలు 8 ఓమ్‌ల ట్యాప్‌కు (ఆ ఇంపెడెన్సు ఉన్న స్పీకర్ల కోసం యాంప్లిఫయరు మీద ఉండే బిగింపుకు) ఉన్నాయి! 4 ఓమ్‌ల స్పీకరును అక్కడ తగిలిస్తే ట్యూబులకు తగిన లోడు సగమవుతుంది, శక్తి తగ్గి వక్రీకరణ పెరుగుతుంది, స్పీకరు మీద పట్టు సడలుతుంది. 4 ఓమ్‌ల ట్యాప్‌కు మార్చిన సాయంత్రం మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ) వైపు వాయింపు తోలు తోలుగా వినిపించింది. డబ్బు ఖర్చు కాకుండా దొరికిన అతి పెద్ద మెరుగుదల అదే.

ట్యూబులు ఈ స్పీకర్లకు ఎందుకు నప్పుతాయంటే, వీటి ఇంపెడెన్సు మీదకూ కిందకూ పెద్దగా ఊగదు. ట్యూబు యాంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపెడెన్సు ఎక్కువ కాబట్టి, ఇంపెడెన్సు ఊగే స్పీకరు అయితే స్వరాల తూకమే మారిపోతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ. రిబ్బన్ అన్న పేరు ఉన్నవన్నీ ఇలాంటివి కావు, 1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా అనే స్పీకరును 1 ఓమ్ దగ్గర నడిపితే ట్యూబులకు అది గండమే. మరో మేలు కూడా ఉంది. ఒక రాత్రి ఒక కేటీ88 లోపల నీలి మెరుపు మెరిసి యాంప్లిఫయరు ఫ్యూజు పోయింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నందువల్ల డీసీ కరెంటు స్పీకరు దాకా రాలేదు, రిబ్బన్ చెక్కు చెదరలేదు.

నేనుండేది అమెరికాలోని మినసోటాలో. మాగ్నెపాన్‌ను 1969లో జిమ్ వైనీ ప్రారంభించింది ఈ రాష్ట్రంలోనే, వైట్ బేర్ లేక్‌లో. మరుసటి ఏడాది మినియాపోలిస్‌లో మొదలైన ట్యూబు యాంప్లిఫయర్ల సంస్థ ఆడియో రీసెర్చ్ తొలినాళ్ళలో ఈ స్పీకర్లను అమ్మింది. ఈ పొత్తు కాకతాళీయం కాదని వింటే తెలుస్తుంది.

ఎనిమిది కేటీ88లు కలిసి మూడు వందల వాట్లకు పైగా వేడి చేస్తాయి. జనవరిలో అది హాయి, జులైలో ఏసీ మీద భారం. బయాస్ (ట్యూబులో నిలకడగా పారే కరెంటు సర్దుబాటు) నెలకోసారి చూసుకుంటాను, ట్యూబుల సెట్టు రెండుసార్లు మార్చాను. స్పీకర్ల వెనక నాలుగడుగుల ఖాళీ కావాలి. గోడకు ఆనించి పెట్టేవారు వీటిని కొనవద్దు.

ట్యూబుల మెత్తదనం పాత రికార్డుల కరకరను మాపుతుందని ఆశించాను, అది జరగలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డుల గీతలను కూడా రిబ్బన్ దాచకుండా వినిపిస్తుంది. వాటికోసం స్పీకరుతో వచ్చిన 1 ఓమ్ రెసిస్టరును, తారస్థాయి కాస్త తగ్గేలా, ట్వీటరుకు (తారస్థాయి రిబ్బన్‌కు) తగిలిస్తాను. కొత్త రికార్డింగులకు తీసేస్తాను.