రెండేళ్ల ఎంఎడ్: నాకు ఎంత పడింది, ఎంత వచ్చింది

మాది హాలియా. బీఎడ్ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో నెలకు 13,000కి సోషల్ చెప్పేదాన్ని, అదీ ఏడాదికి పది నెలలే, ఎండాకాలం జీతం ఉండదు. 2023లో సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి నల్గొండ జిల్లాలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఎంఎడ్‌లో, అంటే బీఎడ్ తర్వాత చేసే పీజీలో చేరాను. మా ఊరి పిల్లలు "అక్కా, చేరొచ్చా?" అని అడుగుతుంటారు కాబట్టి లెక్కతో సహా రాస్తున్నా.

రెండేళ్లకు ఫీజు 76,000 కట్టాను. పుస్తకాలు, రికార్డులు, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) టైపింగు, బైండింగు కలిపి ఇంకో 15,000 అయ్యాయి. ప్రాక్టికల్స్ ముందు రసీదు లేకుండా 5,000 అడిగారు, ఇవ్వకపోతే మార్కులు ఏమవుతాయోనని టెన్షన్‌తో ఇచ్చేశాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. బస్సు మాత్రం 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చాక జీరో టికెట్టే. ఇవన్నీ కలిపినా లక్ష లోపే, అసలు దెబ్బ వదులుకున్న జీతం, రెండేళ్లకు 2,60,000. థియరీకి 80 శాతం, ఫీల్డ్ వర్క్‌కి 90 శాతం హాజరు ఉండాలని ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సులను చూసే కేంద్ర సంస్థ) రూల్, అందుకే స్కూలు ఉద్యోగం చేసుకుంటూ చదవడం కుదరదు. "కాలేజీకి రాకపోయినా మేం చూసుకుంటాం" అనే కాలేజీలో చేరితే డబ్బులు పోతాయి, చదువూ రాదు.

నాకు బాగా నచ్చింది ఇంటర్న్‌షిప్. స్కూల్లో కాదు, బీఎడ్ కాలేజీలో చేయాలి. అక్కడి బీఎడ్ విద్యార్థులు రాసిన పాఠ్య పథకాలు దిద్దడం, వాళ్లు పాఠం చెప్తుంటే వెనక బెంచీలో కూర్చుని చూడటం, తర్వాత విడిగా కూర్చోబెట్టి ఎక్కడ పిల్లలు జారిపోయారో చెప్పడం. ఒకమ్మాయి బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పేది, నాలుగో పాఠానికల్లా పిల్లల కళ్లలోకి చూసి ప్రశ్న అడిగింది. నేను మూడేళ్లు అదే తప్పు చేశానని ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు ఒక బీఎడ్ కాలేజీలో 19,000 ఇస్తున్నారు, పన్నెండు నెలలూ వస్తుంది. నాకు ఎంఏ హిస్టరీలో 55 శాతం ఉంది కాబట్టి తీసుకున్నారు, డిగ్రీ మీద బీఎడ్, ఎంఎడ్ మాత్రమే చేసిన మా ఫ్రెండ్‌ని సబ్జెక్టులో పీజీ లేదని వెనక్కి పంపేశారు. చేరేముందు ఇది చూసుకోండి.

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష) కోసమైతే ఎంఎడ్ అస్సలు వద్దు. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) పోస్టుకి డిగ్రీ, బీఎడ్, టీచర్ అర్హత పరీక్ష టెట్ చాలు. రాత పరీక్షకి 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20, ఎంఎడ్‌కి ఒక్క మార్కూ కలవదు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డప్పుడు నేను డిసర్టేషన్ పనిలో ఉండి సరిగ్గా చదవలేకపోయాను. 2020 పీఆర్సీ (ప్రభుత్వ జీతాల సవరణ)లో స్కూల్ అసిస్టెంట్ బేసిక్కే 42,300, నా ఇప్పటి జీతానికి రెట్టింపు పైనే.

బీఎడ్, డైట్ (జిల్లా ప్రభుత్వ టీచర్ శిక్షణ) కాలేజీల్లో చెప్పాలన్న కోరిక నిజంగా ఉంటే చేయండి, నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష) కూడా రాసే ఓపిక ఉండాలి. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700 నుంచి మొదలవుతుంది, నేను దాని కోసమే రోజూ తెల్లారి నాలుగున్నరకి లేచి ఎడ్యుకేషన్ పేపర్ చదువుతున్నా. కోర్సుకి నా మార్కులు అయిదుకి మూడున్నర, నేను చదివిన కాలేజీకి రెండే. ఫీజు కట్టే ముందు మామూలు పనిదినం రోజు చెప్పకుండా వెళ్లి, క్లాసులో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టి రండి.