రాజమండ్రి వాళ్లకు హెచ్చరిక: కేలెండర్ సింక్ చూడమని ఫోన్ ఇస్తే మొత్తం ఫార్మాట్ కొట్టేశారు

మెయిన్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే ఆ కొట్టు ఏదో మన ఊరివాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఎవర్ని అడిగినా ముందు దాని పేరే చెప్తారు. దయచేసి ఇకమీదట ఎవరికీ చెప్పకండి. నిన్న సాయంత్రం అక్కణ్నుంచి వచ్చాం, నాకింకా కోపం దిగలేదు. రాసిందాంట్లో తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. ఎవరింట్లో ఏ కార్యక్రమం ఎప్పుడన్నది ఫోన్ కేలెండర్లోనే రాసుకుంటారు. అది ఆయన జీమెయిల్ మీదుగా హైదరాబాదులో ఉన్న నాకూ కనిపిస్తుంది. ఆయన కార్యక్రమంలో కూర్చుని ఫోన్ తీయలేనప్పుడు కార్యక్రమం చేయించుకునేవాళ్లు నాకు ఫోన్ చేస్తారు, నేను చూసి చెప్తాను. సంక్రాంతి ముందు ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఆయన రాసినవి నాకు రావడం మానేశాయి. ఆయన ఫోన్లో మాత్రం అన్నీ ఉన్నాయి. సింక్ ఆగిపోవడం అంటే ఇదే, సమస్య ఇంతే. ఇది చూడమనే ఆ కొట్టులో ఇచ్చారు.

వాళ్లు ఫోన్ మొత్తం చెరిపేసి 800 రూపాయలు తీసుకుని ఇచ్చారు. చెరిపేస్తామని ముందు ఒక్క మాట అడగలేదు. "సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాం, ఇక ఢోకా లేదు" అని చెప్పి పంపారు. ఇంటికొచ్చి చూసుకుంటే సంక్రాంతి నుంచి రాసుకున్నవి ఒక్కటీ లేవు.

కేలెండర్లో నాలుగు తేదీలు పోతే ఏమైందని మీకనిపించొచ్చు. తద్దినం తేదీ ఏటా మారిపోతుంది. తిథిని బట్టి పెట్టేది కాబట్టి ఫోన్లో "ప్రతి సంవత్సరం" అని నొక్కి వదిలేస్తే కుదరదు. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అంటే అదనపు నెల, వచ్చింది, ఆ తర్వాతవన్నీ ఆలస్యమయ్యాయి. పోయినేడు ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి ఈసారి సెప్టెంబరు 14న. ఉగాది వెళ్లగానే నాన్నగారు పరాభవ నామ సంవత్సర పంచాంగం ముందు పెట్టుకుని, ఒక్కో ఇంటి తిథి అపరాహ్నానికి, అంటే మధ్యాహ్నం దాటిన వేళకి, ఏ రోజున ఉందో చూసి, కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కో తేదీ తన వేలితో కొట్టుకున్నారు. అమెరికాలో ఉన్నవాళ్లకైతే అక్కడి సమయానికి తిథి వేరుగా చూడాలి. పాత ఇళ్ల తిథులు పోయినేటి ఎంట్రీల్లో ఉన్నాయి, అవి గూగుల్‌కి చేరినవి కాబట్టి మిగిలాయి, కష్టపడి మళ్లీ తేదీలు కట్టుకుంటాం. సంక్రాంతి తర్వాత తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ఇళ్ల సంగతి ఏం చేయాలి? వాళ్ల మాసికాలు, రేపు వచ్చే సంవత్సరీకాలు, భోక్తలకు, అంటే తద్దినం భోజనానికి పిలిచే బ్రాహ్మణులకు, చెప్పుకోవాల్సిన రోజులు, శ్రావణానికి మాట ఇచ్చిన పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఆ ఫోన్లోనే ఉన్నాయి.

నేను హైదరాబాదు నుంచి వచ్చి నాన్నగారితో కలిసి కొట్టుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు ఫోన్ అందుకుని చూశాడు. "కాంటాక్టులు వచ్చాయిగా, వాట్సాప్ వచ్చిందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు. కేలెండర్ అన్నాను. "గూగుల్ ట్రాష్‌లో 30 రోజులుంటాయి, చూసుకోండి" అన్నాడు. ఆ ట్రాష్ గూగుల్‌కి చేరిన వాటికే, ఇవి చేరనేలేదు, అందుకే కదా మీ దగ్గరికి తెచ్చింది అన్నాను. అప్పుడు లోపల్నుంచి ఓనరు వచ్చాడు. నావైపు చూడలేదు. నాన్నగారి వైపు చూసి, "కేలెండర్ కోసం ఇంత గొడవేంటి పంతులూ? పంచాంగం నీ దగ్గరే ఉంటుందిగా. మళ్లీ చూసి రాసుకో" అన్నాడు. కొట్టులో కూర్చున్నవాళ్లు నవ్వారు.

నాన్నగారికి డెబ్బై దాటాయి. ఆ ఓనరు పెళ్లిని కూడా ఎవరో ఒక పురోహితుడే జరిపించి ఉంటాడు. "నువ్వు" అని ఎలా నోరొచ్చిందో నాకు అర్థం కావట్లేదు. నాన్నగారు గొంతు పెంచలేదు. "బాబూ, పంచాంగంలో తిథులుంటాయి. ఎవరి తండ్రి ఏ తిథికి పోయాడో పంచాంగంలో ఉండదు" అన్నారు. దానికి ఆ ఓనరు, "ఫోన్ ఇచ్చేముందు బ్యాకప్ తీసుకోవాలని తెలీదా? మా బాధ్యత కాదు" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ షరతు ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. చూపించలేదు. డబ్బు తీసుకున్నందుకు బిల్లు అడిగాను. సర్వీసుకి బిల్లివ్వం అన్నారు. కౌంటర్ మీద రిజిస్టర్ తెరిచే ఉంది. అందులో నాన్నగారి జీమెయిల్, పాస్‌వర్డ్, పక్కనే ఫోన్ నంబరు, దాని కింద ఇంకెందరివో అలాగే రాసి ఉన్నాయి. మీరెవరైనా అక్కడ పాస్‌వర్డ్ చెప్పి ఉంటే ఇది చదవడం ఆపి ముందు మార్చేయండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీలో మీ డివైజ్‌లు అని ఉంటుంది, మీకు తెలియని ఫోన్ కనిపిస్తే అక్కణ్నుంచే సైన్ అవుట్ చేసేయండి.

అసలు కారణం నిన్న రాత్రి తెలిసింది. కొట్టుకి ఇచ్చేముందు అమ్మ తన ఫోన్‌తో ఆ కేలెండర్ స్క్రీన్‌ని ఫొటో తీసి ఉంచింది. ఎంట్రీ కింద జీమెయిల్ అడ్రస్ ఉండాల్సిన చోట "ఫోన్" అని ఉంది. అంటే అప్‌డేట్ తర్వాత కొత్తగా రాసినవన్నీ గూగుల్ ఖాతాలోకి కాకుండా ఫోన్ లోపలే దాచుకుంటూ వచ్చింది. ఫోన్ కంపెనీ ఇచ్చే కేలెండర్ యాప్‌లలో ఇలా రెండు చోట్లా దాచుకునే వీలుంటుంది. ఎంట్రీ రాసేచోట ఖాతా పేరు మార్చి, ఉన్నవాటిని అటు తరలిస్తే అయిపోయేది. పని తెలిసినవాడైతే ఒక ఎంట్రీ తెరిచి చూడగానే పట్టుకునేవాడు. వీళ్లు తెరిచి కూడా చూడలేదు. ఏ జబ్బుకి వచ్చినా ఫార్మాట్ కొట్టడమే వాళ్లకి తెలిసిన వైద్యం.

ఇంకో కొట్టువాళ్లు రికవరీ చేస్తాం, ముందు డబ్బు కట్టమన్నారు. కట్టలేదు, మీరూ కట్టకండి. ఇప్పటి ఫోన్లలో లోపలి సమాచారం అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో, ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఈ ఫార్మాట్, చేస్తే దాన్ని విప్పే కీ కూడా పోతుంది. ఇక ఎవరూ తేలేరు.

మీకు సింక్ ఆగిందంటే ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకుండా ముందు కంప్యూటర్లో అదే జీమెయిల్‌తో గూగుల్ కేలెండర్ తెరవండి. అక్కడ కనిపించేవి భద్రం. ఫోన్లో ఉండి అక్కడ లేనివి ఫోన్లో మాత్రమే ఉన్నట్టు, వాటిని స్క్రీన్‌షాట్లన్నా తీయండి, కాగితం మీదన్నా ఎక్కించండి. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతాకి కేలెండర్ సింక్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ సేవర్, డేటా సేవర్ అడ్డుపడుతున్నాయా, తేదీ సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయా చూడండి. యాప్ లోపల ఆ కేలెండర్ పేరు పక్కన టిక్ తీసేసి ఉన్నా కనిపించదు. "కేలెండర్ స్టోరేజ్" డేటా క్లియర్ చేయమని ఎవరైనా చెప్తే మాత్రం చేయకండి, ఫోన్‌లో దాచినవి దాంతో పోతాయి.

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. అక్కడ ఇలాగే నష్టపోయినవాళ్లుంటే మీరూ చేయండి.

ఒక్క విన్నపం. ఈ సంక్రాంతి తర్వాత మా నాన్నగారితో మాసికాలకో, పెళ్లికో, గృహప్రవేశానికో రోజు పెట్టించుకున్నవాళ్లు దయచేసి ఆయనకు ఫోన్ చేసి తేదీ, తిథి ఇంకోసారి చెప్పండి. ఎప్పుడో చెప్పేశాం కదా అని ఊరుకోకండి. కొత్త పుస్తకం కొన్నాం, అందులో రాసుకుంటున్నారు.