ఒక్కరోజు అతిథా, ఏళ్ల తరబడి గురువా?

అమెరికా హైస్కూల్ బ్యాండ్లకు జాజ్ కళాకారుల సాయం రెండు దారుల్లో అందుతుంది. ఒకటి, పేరున్నవాళ్లు వచ్చి కాసేపు దిద్ది వెళ్లడం. న్యూయార్క్‌లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ అనే సంస్థ నడిపే 'ఎసెన్షియల్లీ ఎల్లింగ్టన్' పోటీలో ఫైనల్‌కు చేరిన బ్యాండ్ల దగ్గరికి ఇలాగే ఒక కళాకారుణ్ణి పంపుతారు. జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ రచనలను అప్పటికే బాగా సాధన చేసిన పిల్లలు కదా, స్వింగ్ (జాజ్ లయలోని ఊపు) ఎక్కడ బిగుసుకుపోతోందో, డ్రమ్మర్ రైడ్ సింబల్ (లయ నడిపే పెద్ద పళ్లెం లాంటి తాళం) మీద ఎక్కడ తొందరపడుతున్నాడో చెబితే చాలు, ఒక్క పూటలో తేడా వినిపిస్తుంది. సాధన లేని బ్యాండ్‌కైతే ఫొటోలే మిగులుతాయి.

రెండోది, కళాకారుడే బడిలో పాతుకుపోవడం. వయొలిన్ వాయిస్తూ, బ్యాండ్లు నడిపిన వాల్టర్ డయట్ షికాగోలోని డ్యూసబుల్ హైస్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. సాక్సఫోన్ విద్వాంసులు జీన్ ఆమన్స్, జానీ గ్రిఫిన్ ఆయన చేతి కింద తయారైనవాళ్లే. మహా కఠినుడట!

ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) సంగతికొస్తే నా మొగ్గు డయట్ దారికే. రికార్డు విని సోలోను చెవితో పట్టడం, తప్పు వాయించి సిగ్గుపడి మళ్లీ వాయించడం, ఇవి నెలల పని. అతిథికి అంత తీరిక ఎక్కడిది? పోటీ ముంగిట ఉన్న బ్యాండ్‌కు మాత్రం కొత్త చెవి కావాలి. రోజూ వినే గురువుకు తప్పులు అలవాటైపోతాయి మరి.