జెర్రీ రైస్ 1994 త్రోబ్యాక్ జెర్సీ (ఎరుపు, 80వ నంబర్): కొనొచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జెర్రీ రైస్ జెర్సీలు మార్కెట్లో చాలా రకాలున్నాయి, మామూలు ఎరుపు, తెలుపు, రైడర్స్ టీమ్‌ది నల్లది కూడా. ఒక్కటే కొనుక్కుంటా అనేవాళ్ళకి నేను చెప్పేది మాత్రం 1994 ఎరుపు త్రోబ్యాక్ (పాతకాలం డిజైన్‌ది) తీసుకోండి అనే. నేను తీసుకుంది అదే, బాగా వాడాను, ఉతికాను కూడా, అందుకే ధైర్యంగా చెప్తున్నా.

అసలు దీని ప్రత్యేకత ఏంటంటే, 1994 ఎన్ఎఫ్ఎల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌కి) 75వ సీజన్ అని టీములన్నీ కొన్ని మ్యాచ్‌లకి పాతకాలం డ్రెస్సులు వేసుకున్నాయి. రైస్ ఆడిన శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ ఫార్టీనైనర్స్ వాళ్ళు 1955 నాటి డిజైన్ బయటికి తీశారు, తెల్ల నంబర్ వెనకాల నల్లగా నీడ పడినట్టు ఉంటుంది చూడండి, అదే. ఇది వేసుకుని ఆడుతుంటే గెలుపులు వస్తున్నాయని ఇంక వదల్లేదు, లీగ్ దగ్గర పర్మిషన్ తీసుకుని మరీ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా ఇదే వేసుకున్నారు. 1995 జనవరి 29న మయామీలో చార్జర్స్ మీద ఫైనల్, ఆట మొదలై రెండు నిమిషాలైనా కాలేదు, మూడో ప్రయత్నానికే టీమ్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరే ఆటగాడు) స్టీవ్ యంగ్ విసిరిన బాల్ అందుకుని రైస్ 44 యార్డ్‌ల టచ్‌డౌన్ (బాల్‌ని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించడం) కొట్టేశాడు. తర్వాత భుజం దెబ్బతిని బయటికెళ్ళి, మళ్ళీ వచ్చి ఆడాడు. మొత్తం 10 క్యాచ్‌లు, వాటితో ముందుకెళ్ళింది 149 యార్డ్‌లు, 3 టచ్‌డౌన్‌లు, స్కోరు 49-26. అదే సీజన్ మొదటి మ్యాచ్‌లో రైడర్స్ మీద 3 టచ్‌డౌన్‌లు చేసి పాతతరం ఆటగాడు జిమ్ బ్రౌన్ పేరు మీదున్న 126 టచ్‌డౌన్‌ల రికార్డు దాటేశాడు. అంత పెద్ద సంవత్సరం ఇది.

ఇక బట్ట విషయం. మెష్ క్లాత్, చిన్న చిన్న రంధ్రాలు, మందంగా ఉంటుంది కానీ ఎండలో స్టేడియంలో కూర్చున్నా ఉక్కపోయదు. నంబర్ ప్రింట్ కాదు, నల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డ పెట్టి కుట్టారు, 8 లోపలి రెండు గళ్ళ చుట్టూ వేలు పెట్టి చూస్తే కుట్టు ఎంత దగ్గరగా వేశారో తెలుస్తుంది, ఎక్కడా దారం పోగు లేవలేదు. చౌకవాటిలో ఈ నీడని ఊరికే ప్రింట్ చేసి వదిలేస్తారు, నాలుగు ఉతుకులకి పెచ్చులు లేస్తుంది, వాటి జోలికి పోవద్దు. ఛాతీ మీద డైమండ్ ఆకారంలో 75 బ్యాడ్జ్ ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకపోతే 1994ది అనడానికి లేదు.

ఫుట్‌బాల్ పెద్దగా చూడనివాళ్ళు ఒక్క ఆటగాడి జెర్సీకి ఇంత అవసరమా అంటారు. క్రికెట్లో బౌండరీ దగ్గర ఫుల్ స్పీడులో పరిగెడుతూ పట్టే క్యాచ్ ఉంటుంది కదా, అది పక్కన ఒకడు చొక్కా పట్టి లాగుతుండగా పట్టాలి, పట్టాక ఇంకా పరిగెత్తాలి, వైడ్ రిసీవర్ పని అది. రైస్ ఆ పని 20 సీజన్లు చేశాడు. మిసిసిపీలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు, నాన్న ఇటుకల మేస్త్రీ, ఎండాకాలాల్లో అన్నదమ్ములు ఇటుకలు విసురుతుంటే ఈయన పట్టేవాడట, ఆ చేతులు అలా వచ్చినవే. చిన్న కాలేజీలో ఆడినా ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ కంట్లో పడ్డాడు, 1985 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకునేది) ఇంకో టీమ్‌తో బేరం ఆడి మరీ ముందుకొచ్చి 16వ నంబర్‌లో తీసుకున్నారు. మొదటి ఏడాది బాల్స్ జారవిడిచి సొంత ఫ్యాన్స్‌తోనే తిట్లు తిన్నాడు, అక్కణ్ణుంచి 1987లో 12 మ్యాచ్‌ల్లోనే 22 టచ్‌డౌన్‌ల దాకా వెళ్ళాడు. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండేవాళ్ళు సాన్ కార్లోస్ దగ్గర ఎడ్జ్‌వుడ్ పార్క్ కొండెక్కి చూడండి, సీజన్ లేని రోజుల్లో ఆయన ట్రైనింగ్ అక్కడే. మనకి నడవడానికే ఆయాసం వస్తుంది, ఆయన పరిగెత్తేవాడు.

1997లో మోకాలు పోయినా తిరిగొచ్చాడు, తర్వాత రైడర్స్‌కి వెళ్ళి 2002లో నలభై ఏళ్ళ వయసులో 1,211 యార్డ్‌లు చేశాడు. చివర్లో సియాటిల్‌లో కొన్నాళ్ళు ఆడాడు, అక్కడ ఆ టీమ్ పాత ఆటగాడు స్టీవ్ లార్జెంట్ గౌరవార్థం పక్కన పెట్టేసిన 80వ నంబర్‌ని లార్జెంటే ఒప్పుకుని ఈయనకి ఇచ్చాడు, నాకు చాలా నచ్చిన విషయం అది. మొత్తం 1,549 క్యాచ్‌లు, 22,895 యార్డ్‌లు. రెండో ప్లేస్‌లో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ 17,492 దగ్గర ఆగాడు, అంటే ఐదు వేలకి పైగా తేడా, అందుకే నా దృష్టిలో ఈయన తర్వాతే ఎవరైనా.

రేటు ఎక్కువే, ప్రింటెడ్ దానికి రెండింతలు దాటుతుంది, అయినా కుట్టిందే తీసుకోండి. భుజాల దగ్గర వెడల్పుగా, పొడవు కూడా కాస్త ఎక్కువగా వస్తుంది, రెండు సైజుల మధ్యలో ఉన్నవాళ్ళు ఒక సైజు తగ్గించుకోవచ్చు, లోపల హుడీ వేసుకునేవాళ్ళు మాత్రం మామూలు సైజే తీసుకోండి. తిరగేసి చన్నీళ్ళలో విడిగా ఉతకండి, మొదటిసారి ఎరుపు కొంచెం దిగుతుంది, డ్రయ్యర్‌లో అస్సలు వేయొద్దు, నంబర్ ముడతలు పడుతుంది.