విశాఖ కంచరపాలెం మెట్టు దగ్గర నెట్ సెంటర్: మా అమ్మాయి స్కాలర్‌షిప్ పని

బోర్డు ఎండకి వెలిసిపోయింది, పేరు చదవడానికి రాదు. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మూడో మనిషి వస్తే నిలబడాల్సిందే. అయినా మా అమ్మాయి స్కాలర్‌షిప్ పని తెమిలింది ఇక్కడే.

అమ్మాయి డిగ్రీ ఫస్టియర్. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయని కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి పెట్టమన్నారు కాలేజీలో. డిగ్రీకి ఏడాదికి 12,000. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, 12,000 అంటే ఎన్ని జాకెట్లో నాకు నోటిలెక్క.

ముందు వేరే సెంటర్‌కి వెళ్ళాం. పేరెందుకులెండి. 300 తీసుకుని, ఫారంలో అమ్మాయి నంబరు బదులు వాళ్ళ షాపు ఫోన్ నంబరు కొట్టేశారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ నుంచి రావాల్సిన రిఫరెన్స్ నంబరు ఆ ఫోన్‌కే పోయింది. ఆ ఫోన్ దగ్గరుండే కుర్రాడేమో పెళ్ళికని ఊరెళ్ళాడు. నాలుగు రోజులు తిరిగి, బతిమాలి రాయించుకొచ్చాం. ఆ తర్వాత ఆధార్ ఫొటోతో పోల్చడానికి ఫోన్‌కి ముఖం చూపించే దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు కళ్ళార్పినా ఫెయిల్. "సర్వర్ డౌన్, రేపు రండి" అన్నారు. అలా మూడు రేపులు గడిచాయి.

మెట్టు దగ్గరాయన అసలు కంప్యూటరే ముట్టుకోలేదు. ఆధార్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో బల్ల మీద పక్కపక్కన పరిచి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చూశాడు. "ఏటక్కా, ఆధార్‌లో ఇంటిపేరు 'జి' అని ఒక్క అక్షరమే ఉంది. మెమోల్లో 'గొంతిన' అని పూర్తిగా ఉంది. ఇలాగే పంపితే డిఫెక్టివ్ అని వెనక్కొచ్చేస్తాది" అన్నాడు. పదిహేనేళ్ళు నిండాక ఫొటో, వేలిముద్రలు మళ్ళీ ఇచ్చారా అనీ అడిగాడు. ఇవ్వలేదు. ఆ కార్డులో మా అమ్మాయి రెండు పిలకలేసుకుని ఉంటుంది. ఇప్పటి ముఖం దాంతో ఎక్కడ కలుస్తుంది? తప్పు సర్వర్‌ది కాదు, నాదే. కొలత చూడకుండా గుడ్డ కొయ్యని దాన్ని, పిల్ల కాగితాలు మాత్రం ఏళ్ళతరబడి చూసుకోలేదు.

ఒక చీటీ మీద రాసిచ్చాడు: ఆధార్ సెంటర్లో పేరూ, బయోమెట్రిక్కూ కలిపి చేయించుకోవాలి, పేరు మార్చుకునే వీలు జన్మలో రెండుసార్లే, ఆపరేటర్ కొట్టింది చదువుకున్నాకే సంతకం. ఆ రోజు పైసా తీసుకోలేదు.

ఆధార్ మారాక మళ్ళీ వెళ్ళాం. "వెనక ట్యూబులైటుంటే ముఖం నల్లగా పడతాది" అని అమ్మాయిని గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టాడు. కళ్ళజోడు తీయించాడు. ముఖం చూపించడానికి కావాల్సిన యాప్‌లు మా ఫోన్‌లోనే వేయించాడు. రెండోసారికి పడింది. ఓటీపీ వచ్చినప్పుడల్లా కీబోర్డు మా వైపు జరిపి, "మీరే కొట్టుకోండి, నాకు చెప్పకండి" అన్నాడు. ఈ ఒక్కదానికే నేనైతే పదిమందికి చెప్తాను.

బ్యాంకు సంగతి కూడా ఆయనే చూశాడు. డబ్బు ఆధార్ ఏ ఖాతాకి ముడిపడి ఉంటే దానికే పోతుందట. చూస్తే ఎప్పుడో సిమ్ముతో పాటు తెరిచిన ఖాతా బయటపడింది. బ్యాంకుకెళ్ళి మార్పించుకున్నాం.

మొత్తం 150 అయింది, జెరాక్సులతో కలిపి. ఈ సెంటర్‌కి రేటింగ్‌లో ఒక స్టార్ తగ్గించింది ఎందుకంటే ఫోన్ చేస్తే ఎత్తడు. మధ్యాహ్నం భోజనానికెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. బ్లౌజు ఆర్డర్లు వదిలేసి రెండుసార్లు ఊరికే వెళ్ళొచ్చాను. పొద్దున్నే వెళ్ళండి.

కాలేజీలో వెరిఫై అయిందని చెప్పారు, డబ్బు ఇంకా పడలేదు. ముఖం సరిపోయాక పోర్టల్ ఇచ్చిన 14 అంకెల ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు చదువు అయ్యేదాకా ఇదేనట. కాగితమైతే పోతుందని నా కొలతల పుస్తకంలో, అమ్మాయి జాకెట్టు కొలతల కిందే రాసిపెట్టుకున్నాను.